పత్తి మీద ఫైనలియర్ ప్రాజెక్ట్: ఒక చేనుని సీజన్ మొత్తం ఎలా ఫాలో అవ్వాలి

జూన్ వచ్చిందంటే జూనియర్స్ దగ్గర్నుంచి ఇదే ప్రశ్న. "అక్కా, రావెప్‌లో (ఫైనలియర్‌లో ఊళ్ళో ఉండి రైతులతో పని నేర్చుకునే ప్రోగ్రాం) పత్తి ఊరు పడింది, సస్టైనబుల్ కాటన్ మీద ప్రాజెక్ట్ చేయమన్నారు, ఏం రాయాలి?" అని. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడే పెడుతున్నా. ఏం రాయాలి అనేది డిసెంబర్ మాట, ఇప్పుడు చూడాల్సింది ఏం లెక్కపెట్టాలి అని. చాలామంది రిపోర్టుల్లో వేప నూనె వాడాలి, అంతర పంట వేయాలి, మందులు తగ్గించాలి అని పేజీలకి పేజీలు ఉంటాయి గానీ ఆ చేనులో ఆకుకి ఎన్ని పచ్చదోమలు ఉన్నాయో ఒక్క అంకె కూడా ఉండదు. అంకె లేకుండా రైతుకి "మందు కొట్టకు" అని చెప్పే హక్కు మనకి లేదు, పెట్టుబడి ఆయనది.

ఇది ముఖ్యంగా పీజేటీఏయూ (జయశంకర్ తెలంగాణ అగ్రికల్చర్ యూనివర్సిటీ), ఎన్జీ రంగా యూనివర్సిటీ కాలేజీల్లో బీఎస్సీ అగ్రికల్చర్ ఫైనలియర్ వాళ్ళ కోసం. ఎమ్మెస్సీ వాళ్ళకి కూడా పనికొస్తది గానీ వాళ్ళకి డిజైన్ వేరే ఉండాలి, దాని గురించి కింద చెప్తా.

ఏమేం కావాలి

- గట్టి అట్ట ఉన్న నోట్‌బుక్, పెన్సిల్. ఫోన్‌లో ఎక్కిద్దాం అనుకోకండి, పొద్దున మంచులో చేతులు తడిగా ఉంటాయి, స్క్రీన్ పని చెయ్యదు.
- 10 రెట్లు పెద్దగా చూపించే చేతి భూతద్దం. ఇది లేకుండా తామర పురుగుల్ని లెక్కపెట్టడం అయ్యే పని కాదు.
- టేపు, చిన్న చాకు, తెల్ల కాగితం, పాలిథిన్ కవర్లు, మార్కర్.
- గులాబీ రంగు పురుగు లింగాకర్షక బుట్టలు, వాటిలో పెట్టే ఎరలు (మగ రెక్కల పురుగుల్ని వాసనతో రప్పించేవి). ఎర ఏ పురుగుదో ప్యాకెట్ మీద చదివి తీసుకోండి, శనగపచ్చ పురుగు ఎర పెట్టి గులాబీ పురుగు పడట్లేదు అనుకునేవాళ్ళు ఉన్నారు.
- పసుపు రంగు జిగురు అట్టలు కొన్ని.
- ఈ సంవత్సరం వ్యవసాయ పంచాంగం. మీ యూనివర్సిటీ వేసిందే, పాత సంవత్సరానిది కాదు. మందులు, మోతాదులు మారుతుంటాయి.
- ఫుల్ హ్యాండ్స్ చొక్కా, బూట్లు, చేతి తొడుగులు. పాములు ఉంటాయి, మందు అవశేషాలు ఉంటాయి.

1. చేను ఎంచుకోండి, తొందరపడకుండా

రోడ్డు పక్కన ఉంది కదా అని తీసుకోకండి. వారం వారం మిమ్మల్ని చేనులోకి రానిచ్చే రైతు కావాలి, మందు కొట్టే ముందు ఫోన్ చేసి చెప్పే రైతు ఇంకా మంచిది. ఊరి పెద్ద కమతం కంటే రెండెకరాల రైతు చేనే బాగుంటది, ఎందుకంటే ఏ రోజు ఏం చేశాడో ఆయనకి గుర్తుంటది. కౌలు రైతైతే కౌలు ఎంతో మొదట్లోనే రాసుకోండి, చివర్లో ఖర్చుల లెక్క దగ్గర అది కావాలి.

కుదిరితే ఒకే చేనులో రెండు భాగాలు అడగండి. అర ఎకరం రైతు పద్ధతి, పక్కనే అర ఎకరం సమగ్ర సస్యరక్షణ పద్ధతి (పురుగుల్ని లెక్కపెట్టి, అవసరమైతేనే మందు కొట్టడం). అదే విత్తనం, అదే రోజు విత్తడం, అదే నేల. మధ్యలో ఓ నాలుగైదు సాళ్ళు వదిలేయండి, లేకపోతే అటు కొట్టిన మందు గాలికి ఇటు పడి పోలిక అంతా పాడవుతది. నష్టం వస్తే ఎవరు భరిస్తారు అని రైతు అడుగుతాడు, న్యాయమైన ప్రశ్న అది. "పురుగు నష్ట పరిమితి దాటితే ఈ భాగంలో కూడా మందు కొడదాం" అని ముందే చెప్పండి, చెప్పినట్టే చెయ్యండి. సమగ్ర సస్యరక్షణ అంటే అసలు మందే ముట్టకపోవడం కాదు.

కలుపు మందు తట్టుకునే, అనుమతి లేని విత్తనం వేసిన చేను అయితే పోలికకి తీసుకోకండి. రిపోర్టులో రైతు పేరు రాసి ఆయన్ని ఇబ్బందిలో కూడా పెట్టకండి.

2. విత్తే ముందే మట్టి తీయండి

ఎరువు వేశాక తీసిన మట్టి నమూనా దండగ. ఎకరంలో 15 నుంచి 20 చోట్ల వంకరటింకరగా నడుస్తూ, వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పక్కగోడ నుంచి పై నుంచి కింద దాకా ఒక పొర తీసుకోవాలి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ చివరికి అరకిలో మిగల్చండి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్ప పోసిన చోట తీయొద్దు. ఆర్గానిక్ కార్బన్, పీహెచ్, నత్రజని, భాస్వరం, పొటాష్ అడగండి.

పోయిన సంవత్సరం ఏ పంట, పత్తి కట్టె ఏం చేశారు, ఎప్పుడు పీకేశారు అని అడిగి రాసుకోండి. ఈ ఒక్క సమాధానం గులాబీ పురుగు గురించి సగం కథ చెప్తది.

3. మొక్కల లెక్క

90 × 60 సెంటీమీటర్ల దూరంలో వేస్తే లెక్క ప్రకారం ఎకరానికి దాదాపు 7,490 మొక్కలు ఉండాలి. హై డెన్సిటీలో 90 × 15 వేస్తే దాదాపు 30,000. కానీ చేనులో అన్ని ఉండవు. విత్తిన 20 రోజులకి ఐదు చోట్ల పది మీటర్ల సాలు కొలిచి మొక్కలు లెక్కపెట్టండి. ఈ అసలు సంఖ్యే చివరి దాకా వాడాలి. కాగితం మీద లెక్క వాడితే దిగుబడి అంచనా ఎప్పుడూ ఎక్కువే వస్తది, వైవాలో మొదట దొరికిపోయేది ఇక్కడే.

4. వారం వారం చేను చూడటం

అసలు ప్రాజెక్ట్ అంతా ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తా.

విత్తిన 20 రోజుల నుంచి మొదలుపెట్టి ప్రతి వారం ఒకే రోజు వెళ్ళండి. పొద్దున తొమ్మిది లోపు. ఎండెక్కితే తెల్లదోమ, పచ్చదోమ పెద్ద పురుగులు మీరు ఆకు ముట్టుకోగానే ఎగిరిపోతాయి, మీ లెక్క తక్కువ వస్తది. గట్టు పక్కన నాలుగైదు సాళ్ళు వదిలేసి లోపలికి వెళ్ళండి. నాలుగు మూలల దగ్గర, మధ్యలో, చోటికి నాలుగు చొప్పున 20 మొక్కలు. ముందే అనుకున్నన్ని అడుగులు వేసి ఆగిన చోట ఏ మొక్క ఉంటే అదే చూడాలి, పచ్చగా ఉన్నదో ముడుచుకుపోయిందో ఏరుకోకూడదు. ప్రతి మొక్కకి పైన, మధ్యలో, కింద ఒక్కో ఆకు. అంటే 60 ఆకులు. మొత్తం పురుగుల్ని 60తో భాగిస్తే ఆకుకి సగటు వస్తది.

ఆకు తెంపకుండా, కాడ పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. అడుగున పెద్ద ఈనె పక్కన లేతాకుపచ్చ పిల్ల పురుగులు కనపడతాయి. పెన్సిల్ మొన దగ్గర పెట్టండి, పచ్చదోమ పిల్ల అయితే పీతలా పక్కకి నడుస్తది. తెల్లదోమ పిల్ల అయితే కదలదు, ఆకుకి అతుక్కున్న పొలుసులా ఉంటది. ఈ రెండింటినీ కలిపేసి రాసేవాళ్ళు చాలామంది, అందుకే ఒకటికి రెండుసార్లు చూడమంటున్నా. తామర పురుగులు సన్నగా ఈనెల వెంబడి ఉంటాయి, ఆకు అడుగు వెండిలా మెరుస్తది, అనుమానం ఉంటే లేత కొమ్మని తెల్ల కాగితం మీద తట్టి చూడండి. పేనుబంక గుంపులుగా ఉంటది, వేలికి జిగురు తగులుతది.

మందు గురించి ఆలోచించాల్సిన పరిమితులు ఇవి. పచ్చదోమ ఆకుకి 2, తామర పురుగులు ఆకుకి 10, తెల్లదోమ ఆకుకి 5 నుంచి 10. అంతకి తక్కువ ఉంటే ఆ వారానికి మందు అవసరం లేదు, అంతే. పచ్చదోమకి ఆకు అంచులు పసుపెక్కి కిందికి ముడుచుకోవడం కూడా చూసి రాయండి, సంఖ్య తక్కువున్నా లక్షణం పెరుగుతుంటే రెండు రోజుల్లో మళ్ళీ వెళ్ళాలి.

అవే 20 మొక్కల మీద మిత్ర పురుగులు కూడా లెక్కపెట్టాలి: అక్షింతల పురుగులు, వాటి పిల్ల పురుగులు, క్రైసోపా (పేనుబంకని తినే పచ్చ రెక్కల పురుగు) గుడ్లు, సాలీళ్ళు. అక్షింతల పురుగు పిల్ల నల్లగా ముళ్ళతో చిన్న మొసలిలా ఉంటది, రైతులు అదే తెగులు తెచ్చే పురుగు అనుకుని మందు కొట్టేస్తారు. రైతుకి ఒకటి చేతి మీద పెట్టి, అది పేనుబంకని తినడం భూతద్దంలో చూపించండి. మనం ఎంత చెప్పినా వినని మనిషి అది చూశాక వింటాడు. రెండు శత్రు పురుగులకి ఒక మిత్ర పురుగు ఉంటే ఆగొచ్చు అని ఒక లెక్క ఉంది, దాన్ని ఒక సూచనగా వాడండి, గీత గీసినట్టు కాదు.

ఇక్కడ రెండు హెచ్చరికలు. ఆకులు ఎర్రబడితే వెంటనే పచ్చదోమ అని రాయకండి. ఆకు తిప్పండి. పురుగు లేకుండా కింది ముదురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో ఎర్రబడితే మెగ్నీషియం లోపం అయ్యుండొచ్చు, దానికి మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకి 10 గ్రాములు, పురుగు మందు కాదు. రాత్రులు చలి పెరిగినా ఎర్రబడతాయి. రెండోది గూడ (పూమొగ్గ) రాలడం. వాన పడి నీళ్ళు నిలిచినా, నాలుగు రోజులు మబ్బు పట్టినా గూడ రాలుతది, పత్తి ఎలాగూ కొంత రాలుస్తది. రాలిన గూడల్ని ఓ గుప్పెడు ఏరి చూడండి, రంధ్రం ఉంటే పురుగు, లేకపోతే పురుగు పని కాకపోవచ్చు, ముందు నీళ్ళు బయటికి తీయించండి.

చేనులోకి వెళ్ళే ముందు రైతుకి ఫోన్ చెయ్యండి, నిన్న మందు కొట్టారా అని. కొడితే ఆ రోజు మానేయండి. 2017లో మహారాష్ట్ర యావత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ రైతులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎవరో ఒకరు గ్లోవ్స్ లేకుండా మందు కలుపుతుంటే చూసి ఫొటో తీసి ఊరుకోకండి, ఆపి చెప్పండి.

5. గులాబీ రంగు పురుగుకి విడిగా లెక్క

బీటీ పత్తి (కాయ తొలిచే పురుగుల్ని చంపే జన్యువు పెట్టిన పత్తి) మన దేశంలోకి 2002లో వచ్చింది, రెండు జన్యువుల బీజీ-2 2006లో వచ్చింది. గులాబీ పురుగు ఆ రెండింటినీ తట్టుకునేలా తయారైంది, కాబట్టి "బీటీ కదా, కాయ తొలిచే పురుగు రాదు" అని రాయకండి. పైగా ఇది బయటికి కనపడదు. పిల్ల పురుగు లోపలికి పోయాక రంధ్రం మూసుకుపోతది, కాయ బయటికి నిగనిగలాడుతూ ఉంటది.

మూడు రకాలుగా చూడాలి.

బుట్టలు: 45 రోజులప్పుడు ఎకరానికి రెండు, పైరు కంటే అడుగు ఎత్తులో. పైరు పెరిగే కొద్దీ బుట్ట కూడా పైకి జరపాలి, ఇది అందరూ మర్చిపోతారు. ఎర నెలకోసారి మార్చాలి, మార్చిన పాత ఎర చేనులో పారేయొద్దు. బుట్టకి రోజుకి 8 రెక్కల పురుగులు వరసగా మూడు రోజులు పడితే పరిమితి దాటినట్టు. మీరు వారానికోసారి వెళ్తే ఈ రోజువారీ లెక్క ఎలా వస్తది? రైతు ఇంట్లో స్కూలుకెళ్ళే పిల్లలుంటే వాళ్ళకి నేర్పండి, ఇష్టంగా చేస్తారు.

గుడ్డి పూలు: రేకులు విచ్చుకోకుండా మెలికపడి మూసుకుపోయిన పూలు. 100 పూలు చూసి 10 అలా ఉంటే పరిమితి. వాటిని తెంపి సంచిలో వేసి బయటికి తెచ్చి నాశనం చేయించండి, గట్టు మీద పారేస్తే లాభం లేదు.

పచ్చి కాయలు: 60 రోజుల తర్వాత ప్రతి వారం 20 మొక్కల నుంచి మొక్కకి ఒక కాయ. మరీ లేతది కాదు, ముదిరిందీ కాదు, బొటనవేలితో నొక్కితే కొంచెం లొంగే కాయ. చాకుతో కోసి తొక్క లోపలి వైపు చూడండి. చిన్న బొడిపె గానీ సన్న సొరంగం గానీ ఉంటే పురుగు వచ్చినట్టే. లేత పురుగు తెల్లగా గోధుమరంగు తలతో ఉంటది, గులాబీ రంగు పెద్దయ్యాకే వస్తది, కాబట్టి గులాబీ రంగు కోసం వెతికితే సగం పురుగుల్ని వదిలేస్తారు. 20 కాయల్లో రెండిట్లో బతికున్న పురుగు ఉంటే పరిమితి దాటింది.

6. ఖర్చు, మందు, ఎరువు: ఏ రోజుది ఆ రోజే

రైతులు మందు పేరు చెప్పరు, "నీలం డబ్బా", "షాపాయన ఇచ్చిన తెల్ల పొడి" అంటారు. ఖాళీ డబ్బా చూపించమని ఫొటో తీసుకోండి, చేతితో ముట్టుకోకుండా. లేబుల్ మీద టెక్నికల్ పేరు (అసలు మందు పేరు), శాతం, డైమండ్ గుర్తులో కింది త్రికోణం రంగు రాసుకోండి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. రిజిస్ట్రేషన్ నంబర్ లేని "బయో" సీసా అయితే అలా లేదని స్పష్టంగా రాయండి.

ఎన్నిసార్లు కొట్టారు అనేది ఒక్కటే సరిపోదు. ఉదాహరణకి ఎసిఫేట్ 75 శాతం పొడి లీటరుకి 1.5 గ్రాములు చొప్పున 200 లీటర్లు కొడితే ఎకరానికి 225 గ్రాముల అసలు మందు పడినట్టు. ఫ్లోనికామిడ్ 50 శాతం లీటరుకి 0.3 గ్రాములు కొడితే 30 గ్రాములే. రెండూ ఒక్కో స్ప్రేనే కదా. అందుకే స్ప్రేల సంఖ్య, అసలు మందు గ్రాములు, త్రికోణం రంగు మూడూ పట్టికలో పెట్టండి, గ్రాములు తక్కువైనా విషం ఎక్కువున్న మందులు ఉంటాయి.

మీ అర ఎకరంలో మొదటి రెండు నెలలు స్ప్రే బదులు కాండానికి మందు పూసే పద్ధతి అడిగి చూడండి. ఇమిడాక్లోప్రిడ్ ఒక పాలు, నీళ్ళు 20 పాళ్ళు కలిపి, 20, 40, 60 రోజులకి లేత కాండం మీద బ్రష్‌తో. రసం పీల్చే పురుగులు మాత్రమే చస్తాయి, అక్షింతల పురుగులు బతుకుతాయి. కూలి ఎక్కువ అవుతది, హై డెన్సిటీ చేనులో దాదాపు కుదరదు, ఆ మాట కూడా రిపోర్టులో రాయండి.

ఎరువుల దగ్గర కనపడే పెద్ద తప్పు, పైపాటుగా డీఏపీ, 20-20 లాంటి కాంప్లెక్సులు వేయడం. భాస్వరం మొత్తం దుక్కిలోనే వేయాలి, పైపాటుగా నత్రజని, పొటాష్ చాలు. ఎక్కువ యూరియా వేసిన చేనులో పచ్చదోమ ఎక్కువ కనపడితే ఆశ్చర్యపోకండి, ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి గ్రాఫ్ వేయండి.

ఖర్చుల్లో ఇంటివాళ్ళ కష్టం, కౌలు, ట్రాక్టర్ బాడుగ, పత్తి ఏరిన కూలి అన్నీ రావాలి. ఇంటివాళ్ళ కూలి వదిలేస్తే ప్రతి పద్ధతీ లాభంగానే కనపడతది.

7. తీత, దిగుబడి

మొదటి తీతకి ముందు 20 మొక్కలకి మంచి కాయలు లెక్కపెట్టండి. మొక్కకి 20 కాయలు, కాయకి 4 గ్రాములు, ఎకరానికి 7,000 మొక్కలు అనుకుంటే 560 కిలోలు, అంటే 5.6 క్వింటాళ్ళు. ఇది అంచనా. కాయ బరువు పుస్తకంలోది వాడకుండా మీ చేనులో 50 కాయలు తూచి తీసుకోండి. తర్వాత రైతు తూకంతో పోల్చండి. తేడా మరీ ఎక్కువుంటే మొక్కల సంఖ్య దగ్గర తప్పు జరిగి ఉంటది, లేదా గుడ్డి కాయల్ని కూడా కలిపేసుంటారు.

రెండు భాగాల పత్తి విడివిడి సంచుల్లో ఏరించాలి, ఆ రోజు మీరు చేనులో ఉండి తీరాలి. లేకపోతే అన్నీ ఒకే కుప్పలో పడతాయి, సీజన్ మొత్తం పని పోయినట్టే. మంచు ఆరాకే ఏరమనండి. మద్దతు ధర 8 శాతం తేమకి, 12 దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. 2025-26కి పొడవు పింజ మద్దతు ధర క్వింటాల్‌కి 8,110 రూపాయలు. రైతుకి చేతికొచ్చింది ఎంతో వేరేగా రాయండి, ఆదాయం లెక్క దాని మీదే కట్టండి.

8. రిపోర్ట్ రాసే ముందు సరిచూసుకోండి

- ప్రతి వారం ఎంట్రీ ఉందా? ఒక వారం వెళ్ళలేదంటే ఖాళీగా వదిలేయండి, ముందు వారం అంకె వేయకండి. వాన పడిన వారం కూడా పురుగులు ఏ ఒడిదుడుకూ లేకుండా పెరిగినట్టు కనపడే డేటా చూడగానే గైడ్‌కి అనుమానం వస్తది.
- వర్షం డేటా పక్కన పెట్టి చూశారా? గట్టి వాన తర్వాత తామర పురుగులు తగ్గాలి. తగ్గకపోతే లెక్క మళ్ళీ చూడండి.
- 20 మొక్కల్లో ఐదింటిని మీ స్నేహితురాలితో విడిగా లెక్కపెట్టించి పోల్చారా? ఇద్దరికీ సగానికి సగం తేడా వస్తే ఇద్దరూ కలిసి మళ్ళీ నేర్చుకోవాలి.
- మీది ఒకే చేను. "ఈ పద్ధతి మేలు" అని జిల్లా మొత్తానికి రాయొద్దు, "ఈ చేనులో ఈ సీజన్‌లో ఇలా ఉంది" అని రాయండి. ఊళ్ళో ఇంకో నలుగురు క్లాస్‌మేట్స్ ఇదే పద్ధతిలో చేస్తే ఐదు చేల జంటలు అవుతాయి, అప్పుడు పెయిర్డ్ టీ టెస్ట్ (జంటల మధ్య తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని చూసే లెక్క) చేయొచ్చు. ఎమ్మెస్సీ వాళ్ళు మాత్రం ఫామ్‌లో రాండమైజ్డ్ బ్లాక్ డిజైనే (ప్రతి బ్లాకులో పద్ధతుల్ని లాటరీ తీసినట్టు మడులకి పంచడం) వేయాలి, ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 12కి తగ్గకుండా చూసుకోండి.

సగం చేను ఇవ్వడానికి రైతు ఒప్పుకోకపోతే? పక్కపక్క చేలు ఉన్న ఇద్దరు రైతుల్ని తీసుకోండి, విత్తనం, విత్తిన వారం ఒకటే ఉండాలి. అదీ దొరక్కపోతే ఒకే చేనుని ఫాలో అయ్యి, "పరిమితి దాటినప్పుడే కొట్టుంటే ఎన్ని స్ప్రేలు పడేవి, నిజంగా ఎన్ని పడ్డాయి" అని ఒక పట్టిక చేయండి. నాకు తెలిసి అన్నిటికంటే బలమైన పేజీ అదే, పైగా ఎవరి పంటా రిస్క్‌లో పెట్టక్కర్లేదు.

ఆ పట్టికని తెలుగులో ఒక కాగితం మీద రాసి రైతుకి ఇవ్వండి, కట్టె పీకే లోపు. డిసెంబర్ చివరికల్లా పంట తీసేసి, కట్టె చేనులోనే ముక్కలు చేసి కలియదున్నితే వచ్చే సంవత్సరం గులాబీ పురుగు తగ్గుతది, అది ఆయన చేతిలో ఉన్న పని. నీళ్ళున్నాయి కదా అని మార్చి దాకా ఉంచుదాం అంటే, మీరు కోసి చూసిన పచ్చి కాయల లెక్క ముందు పెట్టి మాట్లాడండి.